హామ్‌స్టర్లకు నీటి అడుగున ఇల్లు కట్టొచ్చా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర. రొయ్యల సాగు చేస్తాను. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి పుట్టినరోజుకు రెండు హామ్‌స్టర్లు (ఎలుకలాంటి చిన్న పెంపుడు ప్రాణులు) కొనిచ్చాను. బంగారు రంగువి, ఒకే బోనులో ఉంటున్నాయి. నెల్లూరు ఎగ్జిబిషన్‌లో చేపల టన్నెల్ చూసొచ్చిన దగ్గర్నుంచి, ‘మన హామ్‌స్టర్లు కూడా చేపల మధ్యన ఉండాలి నాన్నా’ అని ఒకటే పోరు. నీళ్లలో మునిగిన పెట్టెలో హామ్‌స్టర్ కూర్చున్న పాత ఫోటో ఒకటి కూడా తెచ్చి చూపించింది. ఇంట్లో నాలుగడుగుల పాత అక్వేరియం ఖాళీగా ఉంది. అక్రిలిక్ షీటుతో 40×30×25 సెం.మీ. పెట్టె చేసి, సిలికోన్‌తో అతికి, నీళ్లలోకి దించి, పైకి రెండు గొట్టాలు వదిలి, ఒకదానికి గాలి పంపు తగిలిద్దామని ఆలోచన. మా ఎండలకు వాటికి చల్లగా కూడా ఉంటుంది కదా. గొట్టం ఎంత లావు ఉండాలి? పంపు ఎంతది పెట్టాలి? మూడు నాలుగు గంటలు కరెంటు పోతే ఫరవాలేదా?

సమాధానం: అయ్యా, ముందే చెప్పేస్తున్నాను, ఈ పెట్టె కట్టకండి. అలాగని ‘వద్దు’ అని ఒక్క ముక్క రాసి పంపడం నాకు ఇష్టం లేదు. మీరు కొలతలతో సహా రాశారు. అమ్మాయి కోరిక తీర్చాలనీ, ఆ ప్రాణులు ఎండకు మాడిపోకూడదనీ ఆలోచించారు. కాబట్టి ఎందుకు వద్దంటున్నానో ఆ కొలతలతోనే చెబుతాను. మీ అమ్మాయి కోరిక తీరే దారి కూడా ఒకటుంది. దాని గురించి ఇంకాస్త ఎక్కువ రాస్తాను.

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడదాం. మూడు నాలుగు గంటలు కరెంటు పోతే ఫరవాలేదా అని అడిగారు. దీనికి జవాబు నాకన్నా మీకే బాగా తెలుసు. తెల్లవారుజామున నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతే గుంటలో ఏమవుతుందో మీరు కళ్లారా చూసే ఉంటారు. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే కిందికి జారుతుంటే ఏ రైతుకూ నిద్ర పట్టదు. అందుకే గట్టు మీద జనరేటర్ పెడతారు, దాని పక్కన ఒక మనిషిని పడుకోబెడతారు. నీళ్లలోనే పుట్టిన రొయ్యకే ఇంత కాపలా కావాలి. నీళ్లతో పుట్టుకలోనే సంబంధం లేని జంతువును అదే నీళ్ల కిందికి దించి, హాల్లో అందరూ నిద్రపోతుంటే ఒక చిన్న పంపు మీద దాని ప్రాణం వదిలేయడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ పెట్టెలో 30 లీటర్ల గాలి పడుతుంది. పెద్ద రకం హామ్‌స్టర్ ఒకటి ఊరికే కూర్చున్నా గంటకు సుమారు 150 నుంచి 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పీలుస్తుంది, దాదాపు అంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. రెండు హామ్‌స్టర్లు ఉంటే పెట్టెలో ఆ కార్బన్ డయాక్సైడ్ గంటకు ఒక శాతం చొప్పున పెరుగుతుంది. బయట గాలిలో అది 0.04 శాతం మాత్రమే. పంపు ఆగిన నాలుగు గంటలకు నాలుగు శాతం దగ్గరికి వస్తుంది. లోపల పొట్టు, చక్రం, గిన్నె ఆక్రమించిన చోటు తీసేస్తే ఇంకా ముందే వస్తుంది. రాత్రిళ్లు అవి ఊరికే కూర్చోవు కూడా, చక్రంలో గంటల తరబడి పరిగెడతాయి. ఆక్సిజన్ అయిపోకముందే ఈ గాలికి వాటికి ఊపిరి బరువెక్కుతుంది, మత్తు కమ్ముతుంది.

‘పంపు ఆగినా గొట్టాలు పైకి తెరిచే ఉన్నాయి కదా’ అని మీకు అనిపించొచ్చు. గొట్టం తెరిచి ఉన్నంత మాత్రాన గాలి దానంతట అది దిగదు. అక్వేరియం పంపుకు వాడే గొట్టం లోపలి వెడల్పు 4 మిల్లీమీటర్లు. అలాంటి అరమీటరు గొట్టంలో తోసేది ఏదీ లేకపోతే పాడుగాలి పైకి రావడం, మంచిగాలి కిందికి పోవడం లెక్కలోకి రానంత నెమ్మదిగా జరుగుతుంది. లావు గొట్టం వేస్తే కొంత నయం. కానీ ఆ దారిలో పోతే చివరికి పెట్టె పైభాగమంతా తెరిచి ఉంచడమే మేలని తేలుతుంది. అప్పుడది నీటి అడుగున ఇల్లు కాదు, మామూలు తొట్టే.

గాలి సంగతి ఎలాగో సర్దుకున్నా పళ్ల సంగతి సర్దుకోలేరు. హామ్‌స్టర్ ముందు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. అంచు ఎక్కడ దొరికితే అక్కడ మొదలుపెడుతుంది. మీ పెట్టెలో దొరికే అంచులు సిలికోన్ అతుకులు, గొట్టం మూతి, అంతే. 30 సెంటీమీటర్ల లోతున అర సెంటీమీటరు రంధ్రం పడిందనుకోండి, నిమిషానికి లీటరున్నర దాకా నీళ్లు లోపలికి వస్తాయి. లోపలి గాలి రెండో గొట్టంలోంచి పైకి పోతుంది. ఇరవై నిమిషాల్లో పెట్టె నిండిపోతుంది. అవి కొరికేది రాత్రి పూట, అంటే మీరంతా నిద్రపోయే వేళ. ఈ ఒక్క కారణం చాలు నేను వద్దనడానికి.

బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. 30 లీటర్ల గాలి పెట్టెను నీళ్లు 30 కిలోల బలంతో పైకి తోస్తాయి. పెట్టె బరువు, లోపలి సామాను పోను ఇంకా పాతిక కిలోలకు పైగా పట్టి ఉంచాలి. నీళ్లలో రాయి కూడా తేలికవుతుంది కాబట్టి చీమకుర్తి గ్రానైట్ రాయి వేసినా నలభై కిలోల దాకా కావాలి. పాత అక్వేరియం అడుగు అద్దం మీద అంత రాయి పెట్టడమంటే నాకు భయమే.

మీరు రాసినదాంట్లో నా మనసుకు బాగా తగిలింది ‘చల్లగా ఉంటుంది కదా’ అన్న మాట. ఎందుకంటే ఆ పొరపాటు నేనూ చేశాను. నేను పశువైద్యుణ్ని. ఒంగోలు గిత్తలు, నెల్లూరు గొర్రెలు, పాడి గేదెల మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది. హామ్‌స్టర్లు మన ఊళ్లకు వచ్చేసరికి నేను రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డాను. ఒక రోహిణి కార్తెలో పక్కింటి పిల్లవాడు తన హామ్‌స్టర్ నీరసపడిందని తీసుకొచ్చాడు. గేదెల కొట్టానికి చెప్పే సలహానే దానికీ చెప్పాను. ‘బోను మీద తడిగోనె కప్పరా, చల్లబడుతుంది’ అన్నాను. వాడు చెప్పినట్టే కప్పాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. గోనె కింద గాలి కదల్లేదు, తేమ మాత్రం నిండింది. సాయంత్రానికి అది చనిపోయింది. వాడు ఆ బోను పట్టుకుని మా గుమ్మంలో నిలబడటం ఇప్పటికీ మరిచిపోలేదు. తడి చల్లబరచాలంటే గాలి ఆడాలి. గాలి ఆడని తడి ఆవిరి గదిలా పనిచేస్తుంది. గేదెల కొట్టానికి నాలుగు వైపులా గాలి వస్తుంది, ఆ బోనుకు రాలేదు.

మీ పెట్టె సరిగ్గా ఆ గోనె కింద బోను లాంటిదే. చుట్టూ నీళ్లు, లోపల ఊపిరి ఆవిరి, మూత్రం తడి. గోడల మీద చెమటలాగా నీటి బొట్లు కడతాయి, పొట్టు నానుతుంది, అమ్మోనియా వాసన పుడుతుంది. ఆ తర్వాత జలుబు, ఊపిరితిత్తుల జబ్బు, తడి తోక అని మేం పిలిచే విరేచనాలు. తడి తోక వచ్చిన పిల్ల హామ్‌స్టర్ రెండు రోజుల్లో పోవచ్చు. పైగా మే నెలలో మీ హాల్లో తొట్టి నీళ్లు కూడా 30 డిగ్రీలు దాటే ఉంటాయి. హామ్‌స్టర్‌కు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. దానికి మనలా చెమట పట్టదు. పంపు మోత సంగతి కూడా ఉంది. మన చెవికి అందని సన్నని ధ్వనులు కూడా వాటికి వినిపిస్తాయి. నీళ్లు ఆ అదురును నేరుగా పెట్టె గోడలకు చేరవేస్తాయి. పగలు నిద్రపోయే జంతువుకు అది నరకం.

ఇక ఆ ఫోటో. అది నిజమైనదే, అమ్మాయి అబద్ధం చెప్పలేదు. 1960లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో వాల్టర్ రాబ్ అనే శాస్త్రవేత్త అతి పలుచని సిలికోన్ రబ్బరు పొరల మీద పనిచేశారు. ఆ పొర నీటి చుక్కను రానివ్వదు, ఆక్సిజన్‌ను మాత్రం రానిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను ఆక్సిజన్ కన్నా ఎన్నో రెట్లు తేలిగ్గా బయటికి పోనిస్తుంది. చేప మొప్ప చేసే పని ఆ పొర చేస్తుందని చూపించడానికే, అలాంటి పొరలున్న పెట్టెలో హామ్‌స్టర్‌ను ఉంచి నీళ్లలో దించారు. తర్వాత గుండె, ఊపిరితిత్తుల రోగుల రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే పరికరాల్లో అలాంటి సిలికోన్ పొరలు పనికొచ్చాయి. దాని విలువ అది. హామ్‌స్టర్‌కు అదొక ఇల్లని ఎవరూ అనుకోలేదు. మీరు అతకడానికి కొనబోయే ట్యూబు సిలికోన్ వేరు, ఆ పొర వేరు. అంత మందం సిలికోన్‌లోంచి ఊపిరికి సరిపడా గాలి రాదు. ఇంకో లెక్క చెబితే మీ అమ్మాయికి నచ్చుతుంది. 30 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు ఉండే ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాములే. హామ్‌స్టర్ ఒకటి గంటకు పీల్చేది దాదాపు 30 లీటర్ల నీళ్లలో ఉన్న ఆక్సిజన్ మొత్తం. మీ డీవో మీటరు ఇచ్చి ఈ లెక్క తననే చేయమనండి. సైన్స్ ఫెయిర్‌కు దీన్ని మించిన ప్రాజెక్టు అక్కర్లేదు. గాజు గ్లాసు అడుగున పొడి కాగితం కుక్కి, బోర్లించి బకెట్లో ముంచితే కాగితం తడవదు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టమనండి. ప్రాణి లేకుండానే కథంతా చెప్పొచ్చు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. హామ్‌స్టర్ ఎక్కడిది? మీ ఇంట్లో ఉన్న బంగారు రకం సిరియాలో అలెప్పో చుట్టుపక్కల ఎండు నేలలది. 1930లో అక్కడ ఒక తల్లిని, దాని పిల్లల్ని పొలంలోంచి తవ్వి తీశారు. ఈరోజు లోకంలో ఇళ్లలో పెరుగుతున్న ఈ రకంలో దాదాపు అన్నీ వాటి సంతతే. అక్కడ అవి అరమీటరుకు పైగా లోతున బొరియ తవ్వుకుని, నిద్రకొక గది, గింజలకొక గది పెట్టుకుంటాయి. పైన ఎండ మండుతున్నా లోపల పొడిగా, చల్లగా ఉంటుంది. అంటే మీరు వెతుకుతున్న చల్లని చోటు దాని పుట్టుకలోనే ఉంది. మీ నాలుగడుగుల అక్వేరియం దానికి సరిగ్గా సరిపోతుంది. నీళ్లు మాత్రం పోయకండి.

అడుగు కొలత 120×45 సెం.మీ. ఉంటే ఒక హామ్‌స్టర్‌కు మంచి ఇల్లు. ఎక్కడైనా అతుకు ఊడి సిలికోన్ వేయాల్సి వస్తే, వెనిగర్ లాంటి వాసన పూర్తిగా పోయేదాకా వారం రోజులు గాలికి ఆరనివ్వండి. ఒక వైపు 30 సెం.మీ. ఎత్తున పరుపు నింపి, రెండో వైపుకు వాలుగా తగ్గించి 10 సెం.మీ. దగ్గర ఆపండి. లోతు వైపు బొరియలకు, తక్కువ వైపు చక్రానికి. పరుపు దేనితో అంటే, అచ్చు లేని తెల్ల కాగితం ముక్కలు, వాసన లేని టిష్యూ, వాటి మధ్య పొరలు పొరలుగా బాగా ఎండిన వరిగడ్డి చిన్నగా కోసి వేయండి. గడ్డి కలిస్తే సొరంగాలు కూలవు. అయితే బూజు వాసన వచ్చే గడ్డి, మందు కొట్టిన పొలం గడ్డి వద్దు. మన దగ్గర ఊక చవగ్గా దొరుకుతుంది కానీ దుమ్ము, గుచ్చుకుంటుంది, సొరంగమూ నిలవదు. సామిల్లు పొట్టు కూడా వద్దు. దూది అసలే వద్దు, కాళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది.

నింపేటప్పుడు చేత్తో నొక్కుతూ నింపండి. వదులుగా పోస్తే తవ్విన చోటల్లా కూలుతుంది. బరువైన వస్తువులను నేరుగా పరుపు మీద పెట్టకండి, కింద సొరంగం తవ్వితే మీద పడతాయి. చిన్న చెక్కబల్ల కాళ్లు అడుగు అద్దానికి ఆనేలా పెట్టి, దాని మీద పెట్టండి. చక్రం మెట్లు లేనిది, 28 సెం.మీ. వ్యాసమున్నది కావాలి. బజార్లో బోనుతో పాటు ఇచ్చే చిన్న చక్రంలో దాని వెన్ను వంగిపోతుంది. మూతకు గాజు, ప్లైవుడ్ వద్దు. సన్నకంత జీఐ మెష్‌ను చెక్క ఫ్రేముకు కొట్టించండి. ఒక మూల వెడల్పాటి మట్టిపాత్రలో పెన్న ఇసుక పెట్టండి. జల్లించి, కడిగి, పెనం మీద వేయించి చల్లార్చినది. దాంట్లో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది. దానికి స్నానం అదే, నీళ్లతో ఎప్పుడూ కడగకండి. మైపాడు సముద్రపు ఇసుక మాత్రం తేవొద్దు, ఉప్పు ఉంటుంది.

చల్లదనానికి చిన్న మట్టి కుండ ఒకటి పక్కకు పడుకోబెట్టండి, ఒక గ్రానైట్ ముక్క పరచండి. ఎండగా ఉన్నప్పుడు అదే వెళ్లి దాని మీద బోర్లా పడుకుంటుంది. తొట్టి కిటికీ ఎండకు దూరంగా ఉండాలి. ఎండ తగిలే గాజు తొట్టి పొయ్యి లాంటిది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఏసీ గదిలో ఉంచగలిగితే దానికి మించింది లేదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి తొట్టి లోపల ఒక మూల పెట్టండి, మూత మీద మాత్రం ఏదీ కప్పకండి. అది సాగిలబడి, గడ్డం కింద చొంగతో తడిసి, కదలకుండా ఉంటే వడదెబ్బే. ఐసునీళ్లలో ముంచకండి. చల్లని గదికి మార్చి, మామూలు నీళ్లతో తడిపి పిండిన గుడ్డ మీద పడుకోబెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మరి చేపలు? మీ అమ్మాయి అడిగింది అదే కదా. అక్వేరియం దుకాణంలో చెప్పి సన్నటి తొట్టి ఒకటి చేయించండి. పొడవు 60, ఎత్తు 30, వెడల్పు 20 సెం.మీ. చాలు. దాంట్లో నీళ్లు పోసి గప్పీలో, మోలీలో వదలండి. దాన్ని హామ్‌స్టర్ తొట్టి ముందు నాలుగు వేళ్ల ఎడంతో, వేరే స్టాండు మీద నిలబెట్టండి. బొరియల వైపు అద్దానికి ఎదురుగా రావాలి. ఇప్పుడు ముందు కూర్చుని చేపల తొట్టిలోంచి చూడండి. చేపలు ఈదుతుంటే వాటి వెనక సొరంగంలో హామ్‌స్టర్ నడుస్తూ కనిపిస్తుంది. 20 సెం.మీ. నీళ్లు కంటికి 15 సెం.మీ. లాగే కనిపిస్తాయి కాబట్టి, అది ఉన్న చోటు కంటే కాస్త దగ్గరికి వచ్చి, నీళ్లలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ ఎగ్జిబిషన్ టన్నెల్లో కూడా మనం పొడిగానే ఉన్నాం కదా, నీళ్లు అద్దానికి అవతలే ఉన్నాయి. చేపల తొట్టికి మూత పెట్టండి, లేదంటే తేమ ఇటు వస్తుంది. పంపును స్టాండుకు తగలకుండా గోడకు వేలాడదీయండి. చేపల లైటు రాత్రి ఎనిమిదికల్లా ఆర్పేయండి, చీకటి పడితేనే హామ్‌స్టర్‌కు తెల్లవారినట్టు.

ఇవన్నీ తీరిక చూసుకుని చేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఆగదు. రెండూ ఒకే బోనులో ఉన్నాయని రాశారు. ఈ బంగారు రకం పెద్దదయ్యాక ఒంటరిగానే బతుకుతుంది. తోడు ఉంటే బాగుంటుందనేది మన ఆలోచన మాత్రమే. ఇన్నాళ్లు కలిసి పడుకున్నవే ఒక రాత్రి కొట్టుకుని, ఉదయానికి ఒకటి చచ్చి పడి ఉండటం చాలా ఇళ్లలో జరిగింది. అవి ఆడా మగా అయితే, పదహారు రోజుల్లో పిల్లలు కూడా. పెద్ద ప్లాస్టిక్ డబ్బా మూతకు మెష్ బిగించి, కాగితం ముక్కలు నింపి, ఒకదాన్ని ఈ రాత్రే అందులోకి మార్చండి. రెండిటి ఒళ్లూ వేళ్లతో నిమిరి చూడండి. తోక దగ్గర, పొట్ట కింద ఎండిన గాయపు చెక్కులు తగిలితే పొద్దున్నే డాక్టర్‌కు చూపించండి. మూత చేయించడం, తొట్టి నింపడం ఆ తర్వాత అమ్మాయి ఆదివారం చూసుకుంటుంది.